తలుపు అవతల అమ్మ

ఉదయం ఆరున్నర. కర్ఫ్యూ సడలించి అరగంటయింది. పన్నెండు కొట్టేసరికి మళ్లీ అందరూ ఇళ్లలో ఉండాలి కాబట్టి పాలవాళ్లు, కూరగాయల ఆటో, మందుల షాపు ముందు వరుస, అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. 2021 మే నెల నాలుగో వారం. తూర్పుగోదావరి జిల్లాలో కాలవ గట్టునున్న ఒక ఊరు. మీరు చేతిసంచితో ఒక పెంకుటింటి గేటు తీస్తున్నారు. ఈ ఇంటి కోడలు మీ అక్క. ఆవిడకి కరోనా పాజిటివ్ అని తెలిసి ఇది ఐదో రోజు, చివరి గదిలో ఉంది. బావగారు కాకినాడలో ఆసుపత్రిలో, ఆక్సిజన్ మీద ఉన్నారు. మీకు కిందటేడు ఆగస్టులోనే వచ్చి తగ్గింది. అందుకే “పిల్లల దగ్గరికి నేను వెళ్తాను” అన్నారు.

వరండా స్తంభం వెనక నుంచి ఆరేళ్ల చిన్నోడు చూస్తున్నాడు. మామూలు రోజుల్లో గేటు చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చి మీ సంచిలో చెయ్యి పెట్టేసేవాడు. ఇవాళ కదల్లేదు.

“పిన్నీ, నిన్ను ముట్టుకోవచ్చా?”

ఈ ప్రశ్నకి సిద్ధపడి ఎవరూ బయల్దేరరు. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు సర్దుకుని, అరుగు మీద కూర్చుని “రా నాన్నా” అంటారు. వాడు ఒళ్లోకి రాడు, పక్కన ఆనుకుని కూర్చుంటాడు. వీపు మీద చెయ్యి వేస్తే భుజాలు బిగుసుకుని ఉన్నాయి. చెయ్యి తియ్యకండి. ఏమీ అడగనూ వద్దు. కాసేపు కాలవ మీద పడవ వంక చూడండి ఇద్దరూ.

లోపల్నుంచి నాయనమ్మ సైగ చేస్తోంది. వంటింట్లోకి వెళ్తే గొంతు బాగా తగ్గించి చెబుతుంది: “పిల్లలకేం తెలీదమ్మా. వాళ్ల నాన్న కాకినాడ పనిమీద వెళ్లాడని చెప్పాం. అమ్మకి జలుబు చేసిందన్నాం. నువ్వూ ఆ మాటే అను. పెద్దది సరే, కొంచెం తెలుసనుకో. చిన్నోడే... మూడు రోజుల్నుంచి పక్క తడుపుతున్నాడు. ఎప్పుడో మానేసిన అలవాటు.” ఆవిడ కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కొడుకు ఆసుపత్రిలో, కోడలు గదిలో, ఈ వయసులో నాలుగు పూటలా పొయ్యి దగ్గర ఆవిడే. ఆవిడని తప్పుపట్టడానికి ఎవరికి నోరొస్తుంది?

కానీ గుమ్మం పక్కన, గ్యాసు బండకి ఆనుకుని, చిన్నోడు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

“నాన్నకి తొంభై ఒకటి ఉంది,” అంటాడు మీ వంక చూడకుండా. “నిన్న తొంభై మూడు.”

ఆ వేసవిలో ఆక్సిజన్ లెక్కలో తొంభై నాలుగు అనే అంకె ప్రతి ఇంటికీ తెలుసు. దానికంటే కిందకి పడితే ఆసుపత్రి. ఒకటో తరగతి పిల్లాడు, బడి గడప సరిగ్గా తొక్కనైనా లేదు, కూడికలకంటే ముందు ఆ లెక్క నేర్చేసుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఫోన్లో మాట్లాడేటప్పుడు పెరట్లోకి వెళ్లే పెద్దవాళ్ల వెనకాలే వెళ్లి నేర్చుకున్నాడు.

పిల్లలకి తెలీదనుకోవడం పెద్దవాళ్ల నమ్మకం మాత్రమే. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అనే మానవశాస్త్రవేత్త అమెరికాలో లుకేమియాతో ఆసుపత్రిలో ఉన్న చిన్నపిల్లల మధ్య చాలాకాలం గడిపి 1978లో ఒక పుస్తకం రాసింది. తమకి ఏం జరగబోతోందో ఆ పిల్లలకి తెలుసు, ఎవరూ చెప్పకపోయినా తెలుసు. అమ్మానాన్నలు బాధపడతారని తెలియనట్టు ఉండేవారు. అమ్మానాన్నలు పిల్లలు బాధపడతారని చెప్పకుండా ఉండేవారు. ఒకే గదిలో ఉండి ఎవరి భయంతో వాళ్లు ఒంటరిగా ఉండిపోవడం కంటే దారుణం ఏముంటుంది? ఈ ఇంట్లోనూ ఇప్పుడు జరుగుతున్నది అదే.

“అత్తయ్యగారూ, వాడికి తెలిసిపోయింది. తెలిసింది తప్పో ఒప్పో మనం చెప్పకపోతే వీధిలో వాళ్లు చెబుతారు,” అంటారు మీరు. ఆవిడ చాలాసేపు ఏమీ అనదు. తరవాత పొయ్యి మీద పాలు దింపుతూ “నువ్వే చెప్పు. నావల్ల కాదు,” అంటుంది.

చెప్పడం అంటే ఉపన్యాసం ఇవ్వడం కాదు. ముందు వాడినే చెప్పనివ్వండి. “నాన్న గురించి నీకేం తెలుసో చెప్పు, మిగతాది నేను చెప్తాను.” వాడు చెప్పుకొస్తాడు. కరోనా వచ్చింది. ముక్కుకి పైపు పెట్టారు. “ఆ పైపు పెడితే ఇంక ఇంటికి రారంట. పక్కింటి అన్నయ్య చెప్పాడు.” మూడు రోజులుగా పక్క మీద తడిగా బయటపడుతున్నది ఈ ఒక్క మాట.

“ఆ పైపులోంచి ఆక్సిజన్ వస్తుంది. నాన్న ఊపిరితిత్తులకి జబ్బు చేసి అలిసిపోయాయి. అవి కోలుకునేదాకా దాంతో సాయం చేస్తున్నారు. ఆ పైపు పెట్టుకుని, తగ్గి, తీసేసి ఇంటికొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. మన ఊళ్లోనే ఉన్నారు.” ఇక్కడ నోటి చివరకి ఒక మాట వస్తుంది: నాన్నకి ఏం కాదు. ఆ మాట మింగెయ్యండి. అది మీ చేతుల్లో ఉన్న మాట కాదు. రేపు అబద్ధమైతే ఆ తరవాత మీరు చెప్పేదేదీ వాడు నమ్మడు. “పొద్దున నాన్న ఇడ్లీ తిన్నారు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తారు. ఏమైనా మారితే నీకు నేనే చెప్తాను, దాచను,” అనొచ్చు. అది మీరు నిలబెట్టుకోగలరు.

వాడు ఏడవడు. “ఎన్ని ఇడ్లీలు?” అని అడుగుతాడు.

తొమ్మిదింటికి వరండాలో ఆట మొదలవుతుంది. కాళ్లు చాపుకుని కూర్చున్న బొమ్మ ఎలుగుబంటి, దాని ముక్కులో చెవుల్లో గుమిలి తీసే పుల్ల. “కదలకూడదు, ఐపోయింది, ఐపోయింది.” తరవాత దాన్ని తెల్ల తువ్వాల్లో తల నుంచి కాళ్ల దాకా చుట్టి మంచం కిందకి నెడతాడు. నాయనమ్మ గుండె గుభేలుమంటుంది. “ఛీ, అవేం ఆటలురా, అపశకునం!” మీరు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపండి. ఆ పిల్లాడికి మాటలు చాలనప్పుడు ఆటే దిక్కు. జబ్బు వచ్చిన చోటల్లా పిల్లలు జబ్బు ఆట ఆడతారు. చూసిన భయాన్ని ఈసారి తమ చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తారు. ఆట అక్కడే తిరుగుతూ, రోజురోజుకీ వాడి మొహం ఇంకా బిగుసుకుపోతూ ఉంటే ఆలోచించాలి. మొదటిరోజే ఆపెయ్యకూడదు.

పక్కన చతికిలబడి కూర్చోండి. “డాక్టరుగారూ, ఈయనకెలా ఉంది?”

“బెడ్ లేదు.” టీవీలో విన్న మాట, అదే గొంతుతో.

“దొరికేదాకా ఎవరు చూసుకుంటారు?”

ఆలోచిస్తాడు. తువ్వాలు కొంచెం విప్పుతాడు. మంచం కింద నుంచి లాగి మీ ఒళ్లో పడేస్తాడు. “నువ్వు.”

“సరే. పాపం, ఈయనకి ఎలా వచ్చింది?”

చాలాసేపు పుల్లతో నేల గీకుతాడు. “అల్లరి చేశాడు. పెళ్లిలో మాస్కు తీసేశాడు. వద్దన్నా తీసేశాడు. వాళ్లమ్మకి అంటించేశాడు.”

ఈ రోజంతటిలో ముఖ్యమైన నిమిషం ఇదే. ఏప్రిల్ చివర్లో ఈ కుటుంబం ఒక పెళ్లికి వెళ్లిన సంగతి మీకు తెలుసు. ఉక్కపోతకి వీడు మాస్కు పీకి పారేసి ఏడ్చిన సంగతి మీ అక్క నవ్వుతూ ఫోన్లో చెప్పింది కూడా. వాడు దాన్ని మోస్తున్నాడని ఎవరూ అనుకోలేదు. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలకి లోకం తమ చుట్టూ తిరుగుతుంది. తనకి కోపం వస్తే అమ్మకి జ్వరం వచ్చిందనుకుంటారు, తను మాట వినకపోతే నాన్న వెళ్లిపోయాడనుకుంటారు. కారణం ఎవరూ చెప్పకపోతే తమనే కారణం చేసుకుంటారు. పైగా ‘బయటికెళ్తే నాయనమ్మకి అంటిస్తావు’ అని మనమే రోజుకి పదిసార్లు బెదిరించాం కదా, సంవత్సరం పైగా.

“ఛఛ, అలాంటిదేం లేదు” అని ఒక్క ముక్కలో కొట్టెయ్యకండి. కొట్టేస్తే నోరు మూసుకుంటాడు, నమ్మకం మాత్రం మారదు. బొమ్మని ఒళ్లో పెట్టుకునే చెప్పండి: “ఈయన అల్లరి చేశాడు, నిజమే. అల్లరి వల్ల ఎవరికీ జబ్బు రాదు. కోపం వల్ల రాదు. ఇది కంటికి కనపడని పురుగు వల్ల వచ్చింది. దేశమంతా వచ్చింది. మాస్కు తియ్యనివాళ్లకీ వచ్చింది, డాక్టర్లకీ వచ్చింది, నాకూ వచ్చింది. అమ్మకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఎవ్వరూ చెప్పలేరు. ఎవరి దగ్గర్నుంచి వచ్చినా అది వాళ్ల తప్పు కాదు.” వాడు విని ఎలుగుబంటిని తీసుకుని వెళ్లిపోతాడు. రేపు మళ్లీ అడుగుతాడు. ఎల్లుండి వేరే మాటల్లో అడుగుతాడు. అడిగినప్పుడల్లా ఇదే జవాబు, ఇంతే నిదానంగా.

ఇక ఆ తలుపు. ఐదు రోజులుగా చివరి గది తలుపు వేసి ఉంది. ముందు స్టూలు మీద పళ్లెం పెడతారు, దగ్గు వినిపిస్తుంది, పళ్లెం లోపలికి వెళ్తుంది. పిల్లాడికి అమ్మ అంటే ఇప్పుడు ఒక చెయ్యి, ఒక దగ్గు. లండన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో పిల్లల నర్సరీలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ గమనించింది ఇదే: బాంబుల కంటే తల్లి కనపడకపోవడమే పిల్లల్ని ఎక్కువ కుంగదీసింది. కాంగోలో 2018లో మొదలైన ఎబోలా అప్పుడు కొన్ని చికిత్సా కేంద్రాల్లో రోగుల్ని పారదర్శకమైన గదుల్లో ఉంచారు, ఇంటివాళ్లు బయట నిలబడి మొహం చూడటానికి. తల్లి లోపల ఉన్న పసిబిడ్డల్ని ఎత్తుకుని ఆడించే పని ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్లకి అప్పగించారు. మీరు ఈ ఇంటికి రావడం కూడా అలాంటిదే.

ఈ ఇంట్లో గాజుగది లేదు కానీ ఆ గదికి పెరటివైపు కిటికీ ఉంది. అక్క మొదట ఒప్పుకోదు. “ఈ అవతారంలో చూస్తే జడుసుకుంటాడే.” చూడకపోతేనే ఎక్కువ జడుసుకుంటాడని చెప్పండి. జుట్టు దువ్వుకుని, మాస్కు పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీ వేసుకోమనండి. చిన్నోడు తులసికోట దగ్గర, ఆరడుగుల దూరంలో. గాలి ఆడే చోటు, మాస్కు, దూరం. అంతకంటే ఏం కావాలి?

ఒక నిమిషం ఇద్దరూ మాట్లాడుకోరు. అక్క కళ్లు తుడుచుకుంటుంది. తుడుచుకోనివ్వండి. ‘అమ్మకి నిన్ను ముట్టుకోవాలనుంది, కుదరట్లేదని ఏడుపొచ్చింది’ అని వాడికి చెబితే చాలు, అది వాడికి బాగా అర్థమయ్యే సంగతి.

“అమ్మా, నీకు వాసన తెలుస్తోందా?”

“లేదురా. కాఫీ కూడా వేణ్ణీళ్లలా ఉంది.”

అక్కడ వాడికి ఒక పని దొరికింది. పరుగెత్తి కరివేపాకు రెమ్మ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి వస్తాడు. అక్క నలిపి, మాస్కు కిందకి లాగి, వాడికి అటువైపు తిరిగి పీలుస్తుంది. లేదు. మల్లెపువ్వు. లేదు. ఇంగువ డబ్బా మూత. “ఉండు... ఏదో కొంచెం...” వాడు గెంతుతాడు. వాసన పోయినవాళ్లని రోజూ నాలుగైదు ఘాటైన వాసనలు పీల్చి చూడమని వైద్యులు చెప్పేదే ఇది. చిన్నోడు దానికి వేళ పెట్టేశాడు: పొద్దున తొమ్మిదిన్నర, సాయంత్రం ఐదు. అమ్మ జబ్బులో తనకీ ఒక చెయ్యి ఉంది ఇప్పుడు, అంటించిన చెయ్యి కాదు.

పెద్దమ్మాయి సంగతి వేరు. పదిహేనేళ్లు, పదో తరగతి. పరీక్షలు జూన్ 7న అన్నారు, ఉంటాయో ఉండవో ఎవరూ తేల్చరు. తను అడగదు, ఏడవదు, పొద్దున్నే లేచి గిన్నెలు తోముతుంది, అమ్మ జ్వరం, ఆక్సిజన్, నాడి నోట్సులో గీతలు కొట్టి వరుసగా రాస్తుంది. చూసినవాళ్లంతా ‘ఎంత బుద్ధిమంతురాలో’ అంటారు. మీకు మాత్రం స్నానాలగదిలో కొళాయి అవసరానికి మించి తిప్పి ఉండటం వినిపిస్తుంది.

నోట్సు తన దగ్గరే ఉంచండి, అది తనకి పట్టుకొమ్మ. గిన్నెలు మీరు తీసుకోండి. వంట మీరు తీసుకోండి. ఈ పిల్ల ఐదు రోజుల్లో ఇంటికి తల్లి అయిపోయింది, దాన్ని మళ్లీ పదిహేనేళ్ల పిల్లని చెయ్యాలి. రాత్రి మూడింటిదాకా ఫోన్ చూస్తోందని మీరు ఇట్టే కనిపెడతారు. చూస్తున్నది సినిమాలు కాదు, స్నేహితుల స్టేటస్‌లు. దండలు వేసిన ఫొటోలు, ఎవరి తాతయ్యో, ఎవరి నాన్నో. ఫోన్ లాక్కోకండి, దాని స్నేహితులంతా అందులోనే ఉన్నారు. రాత్రి పదింటికి అందరి ఫోన్లూ హాల్లో బల్ల మీదే అని చెప్పి, ముందు మీది పెట్టండి.

“పిన్నీ, మూడో వేవ్ పిల్లలకే వస్తుందంటగా?” గిన్నెల దగ్గర వీపు తిప్పుకుని అడుగుతుంది. తన గురించి కాదు, తమ్ముడి గురించి. ఆ వారమంతా టీవీలో అదే. చెప్పండి: పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, మే 22న ప్రకటన ఇచ్చింది, మూడో వేవ్ ప్రత్యేకించి పిల్లల మీదే పడుతుందనడానికి ఆధారం లేదని. ఆ వయసు పిల్లకి ఓదార్పు కంటే ఆధారం ఎక్కువ బలం ఇస్తుంది. పరీక్షల గురించి ‘ఇప్పుడా గోల ఎందుకు’ అనొద్దు. ఏడాదంతా దానికోసమే బతికింది. “జరిగితే రాద్దువు గాని, జరక్కపోతే మార్కులెలా వేస్తారో అప్పుడు చూద్దాం. రోజుకి రెండు గంటలు చదువు, మిగతాది వదిలెయ్.” ఆ తరవాత దాని దగ్గరి స్నేహితురాలికి ఫోన్ చేయించి మీరు అక్కణ్ణుంచి వెళ్లిపోండి. చాలాసేపటికి మేడమెట్ల మీంచి నవ్వు వినిపిస్తుంది.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. వారాలు గడిచినా తిండి, నిద్ర కుదుటపడకపోతే, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి విన్నా, వయసు ప్రభావమని కొట్టిపారెయ్యకూడదు. వెంటనే వైద్యుడితో మాట్లాడాలి. 1098కి ఏ వేళప్పుడైనా, పిల్లలు తామే కూడా, ఫోన్ చెయ్యొచ్చు.

పదకొండింటికి టీవీలో కృష్ణపట్నం. కరోనాకి ఆనందయ్య ఇచ్చే మందు కోసం 21న వేలమంది తోసుకున్న దృశ్యాలే మళ్లీ మళ్లీ. “మనక్కూడా ఎవరైనా తెచ్చిపెడితే...” అని నాయనమ్మ. తరవాత బులెటిన్, జిల్లాలవారీగా కేసులు, అందులో ఎప్పటిలాగే మన జిల్లా పైన. కింద పరుగెత్తే అక్షరాల్లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల పేరున ప్రభుత్వం పది లక్షలు డిపాజిట్ చేస్తుందన్న వార్త. యాంకర్ ‘అనాథలు’ అంటుంది. చిన్నోడు కుర్చీ కింద రంగు పెన్సిళ్లతో ఉన్నాడు, వినడం లేదనుకుంటారు. టీవీ కట్టెయ్యండి. రోజుకి ఒక్కసారి, పిల్లలు లేనప్పుడు, పదిహేను నిమిషాల వార్తలు పెద్దవాళ్లకి కూడా చాలు.

మధ్యాహ్నం వీధి నిశ్శబ్దమైపోయాక మీరు మామిడికాయలు బయటికి తీస్తారు. పొద్దున సంతలో కొట్టించి తెచ్చినవి. నాయనమ్మ నొచ్చుకుంటుంది. “ఇంట్లో ఇంత జబ్బు పెట్టుకుని ఆవకాయేంటమ్మా?” ప్రతి ఏడూ మే నెలలో ఈ ఇంట్లో జాడీ నిండుతుంది. ఈ ఏడు నిండకపోతే పిల్లలకి ఏం తెలుస్తుంది? అంతా ఆగిపోయిందని తెలుస్తుంది. ఆవిడ ఇంకో మాట అనకుండా వెళ్లి తెల్లబట్ట తెస్తుంది.

పాత చీర పరిచి కూర్చున్నారు. చిన్నోడి పని జీడి తీసేసి, టెంకని అంటుకున్న సన్నటి పొర గోటితో ఒలవడం. పెద్దమ్మాయి పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడుస్తుంది, తడి ఉంటే బూజు పడుతుంది. పొర చిరక్కుండా వస్తే వాడు ఎండకేసి పట్టుకుని చూస్తాడు, వెనక అక్క మొహం లేతాకుపచ్చగా. వేళ్లకి పులుపు అంటి మంట, అయినా లేవడు. నాయనమ్మ ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి పోస్తూ, ఈ వారంలో మొదటిసారి గొంతు పెంచుతుంది: “ఒరేయ్, ఆ చేత్తో కళ్లు నులుముకున్నావంటే చూడు!” వాడికి ఆ కేక ఎంత హాయిగా ఉందో మొహంలో తెలిసిపోతోంది. ఈ ఇల్లు గుసగుసలు మానేసింది. “మళ్లీ ఎప్పుడు కలుపుతారు?” “మూడో రోజు తిరగ కలపాలి, నూనె చాలకపోతే పొయ్యాలి.” మూడో రోజు అనేది ఒకటి ఉందని వాడికి తెలిసింది.

సాయంత్రం ఆరు దాటాక కబురొస్తుంది. వీధి చివర కిరాణా కొట్టు తాతగారు. చిన్నోడికి అప్పు మీద జీళ్లు ఇచ్చే తాతగారు. ఇందాకటి మాట ఇప్పుడు నిలబెట్టుకోవాలి. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ‘పోయారు’, ‘దేవుడి దగ్గరికి వెళ్లారు’, ‘నిద్రపోయారు’ అనకండి. వెళ్లినవాళ్లు తిరిగొస్తారని వాడి లెక్క, నిద్రపోవడమంటే రాత్రికి వాడే భయపడతాడు. “కొట్టు తాతగారు చనిపోయారు. కరోనా వచ్చి, బాగా ఎక్కువై, ఒళ్లు పనిచెయ్యడం ఆగిపోయింది. ఇంక రారు.” మీ గొంతు వణుకుతుంది. వణకనివ్వండి, బాధ పడొచ్చని వాడికి తెలియాలిగా.

వాడు కాసేపు ఏడుస్తాడు, లేచి మంచినీళ్లు తాగి వస్తాడు. పిల్లల దుఃఖం అంతే, ముక్కలు ముక్కలుగా. పక్క వేశాక ఊపిరి పాఠం: మల్లెపువ్వు వాసన చూసినట్టు మెల్లగా పీల్చు, వేడిపాలు చల్లార్చినట్టు మెల్లగా ఊదు. దీపం ఊదమని నేర్పేవాళ్లుంటారు కానీ ఈ ఇంట్లో నాయనమ్మ ఒప్పుకోదు. పాలే నయం. ఐదారుసార్లు ఊదాక భుజాలు వదులవుతాయి. పక్క కింద ప్లాస్టిక్ పట్టా వేశారు, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

“పిన్నీ. నాన్న కూడా చనిపోతారా?”

“నాకు తెలీదు నాన్నా. డాక్టర్లు తగ్గించడానికి చాలా కష్టపడుతున్నారు. ఇవాళ సాయంత్రం తొంభై రెండుంది, మాట్లాడారు కూడా, నువ్వు విన్నావుగా. చనిపోకూడదనే మనందరం కోరుకుంటున్నాం.”

“అమ్మ?”

“అమ్మకి జ్వరం తగ్గుతోంది. పదిరోజులు నిండి, ఆఖరి మూడు రోజులూ జ్వరం లేకపోతే బయటికొచ్చేస్తుంది.”

తిరిగి పడుకుంటాడు. అయిపోయిందనుకుంటారు. అవలేదు. పొద్దుటి నుంచీ అడుగుతున్న ప్రశ్నలన్నిటి అడుగునా ఉన్నది ఇంకా రాలేదు.

“ఇద్దరూ చనిపోతే నేను అనాథనా? ఎక్కడుండాలి?”

‘అపభ్రంశపు మాటలు అనకు’ అని నోరు మూయించకండి. ఈ పిల్లాడికి కావలసింది చిరునామా. “నా దగ్గర. నువ్వూ అక్కా ఇద్దరూ. నాయనమ్మ కూడా. నేనూ బాబాయీ ఎప్పుడో అనుకున్నాం.”

“రాజమండ్రిలోనా?”

“రాజమండ్రిలో.”

“సైకిలు పెట్టుకోడానికి చోటుందా?”

“మెట్ల కింద ఉంది. బాబాయి స్కూటరు కొంచెం జరపాలి.”

“జరుపుతారా?”

“జరుపుతారు. కావాలంటే రేపు ఫోన్ చేసి నువ్వే అడుగు.”

“అక్కా నేనూ ఒకే గదా? వద్దు, అది రాత్రంతా లైటేస్తుంది,” అంటాడు. పక్క మంచం మీంచి పెద్దమ్మాయి “నువ్వు తన్నవూ నిద్దట్లో?” అంటుంది. ఇద్దరూ గది ఎలా పంచుకోవాలో, కిటికీ ఎవరివైపు ఉండాలో వాదులాడుకోవడం మొదలుపెడతారు.